భారత పవన పటం: ఒక సమీక్ష

నైరుతి ఋతుపవనం పడమటి కనుమలలో వాన కురిపించి, అనంతపురం పీఠభూమిని చేరేసరికి చాలవరకు ఒట్టి గాలిగానే మిగులుతున్నది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనే ఈ సీమకు ఆ గాలి అయినా విద్యుత్తు నియ్యగలదా? ఈ ప్రశ్నకు జవాబు వెదకేవారికి 2010లో వెలువడిన 'భారత పవన పటం' ముఖ్యమైన ఆధారం. చెన్నైలోని పవనశక్తి సాంకేతిక కేంద్రం (నేటి జాతీయ పవనశక్తి సంస్థ), డెన్మార్కులోని రీసో ప్రయోగశాల కలిసి దీనిని తయారుచేసినవి.

ఇందులోని పద్ధతి మెచ్చదగినది. దేశమంతటా కొలత స్తంభాలు పాతడం సాధ్యం కాదు. అందుచేత వాతావరణ పరిస్థితులను కొన్ని తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతిలో గాలి నేలపై ఎట్లు వీచునో కంప్యూటరుతో లెక్కకట్టి, ఫలితాన్ని స్తంభాల కొలతలతో సరిచూచినారు. 50 మీటర్ల ఎత్తున దేశంలో సుమారు 49,000 మెగావాట్లకు అవకాశమున్నదని తేల్చినారు.

అయితే గాలిలోని శక్తి వేగం యొక్క ఘనాన్ని బట్టి మారుతుంది. సెకనుకు 6 మీటర్ల గాలిని 7 మీటర్లని పొరబడినామనుకొందాం. 6 ఘనం 216. 7 ఘనం 343. వేగంలో ఆరవ వంతు పొరపాటు శక్తిలో ఒకటిన్నర రెట్లకు మించిపోయినది! మరలు ఆ శక్తినంతా అందుకోలేవు గాని, పెట్టుబడి పెట్టేవానికి ఈ తేడా చిన్నది కాదు.

సముద్రం మీద ఈ చిక్కు తక్కువ. నీరు చదునైనది, నునుపైనది. అక్కడి సమస్య ఒక మర వెనుక మందగించిన గాలి చాల దూరం కోలుకోకపోవడం. రామగిరి గుట్టల సంగతి వేరు. శిఖరంపై గాలి వేగం పుంజుకొంటుంది. వెనుక వాలులో సుడులు తిరుగుతుంది. వాలు నూటికి 30 దాటితే సరళ సమీకరణాలపై నడిచే లెక్కలు నమ్మదగవు. పటంలోని పెద్ద గళ్ళలో ఇట్టి గుట్టలు కలిసిపోతాయి.

రెండవ లోపం గాలిది కాదు, నేలది. చాల రాష్ట్రాలలో నూటికి 2 వంతుల భూమి దొరుకునని ఊహించి మెగావాట్లు లెక్కించినారు. 2015లో 100 మీటర్ల ఎత్తుకు వేసిన అంచనాలో భూమి రకాలను వేరుచేసి, 302 గిగావాట్లని చెప్పడం మంచి సవరణయే. కాని పటంలో బంజరని కనిపించే నేల ఈ సీమలో గొర్రెల మేతబీడు కూడ కావచ్చును. దానిని ఏ సమీకరణమూ చెప్పదు.

కనుక ఈ పటం ఎక్కడ వెదకవలెనో చూపుతుంది. ఎక్కడ మర నిలపవలెనో తేల్చదు. ఆ తీర్పు గుట్టమీద కనీసం ఒక ఏడాది నిలిచిన స్తంభమూ, ఆ నేలను ఎరిగిన రైతూ, కాపరీ కలిసి చెప్పవలసినది.