ఫ్యాను ఎవరి కోసం తిరుగుతోంది?

అనంతపురం జిల్లాలో మీసేవ కేంద్రం ముందు నిలబడ్డ ప్రతివాడికీ తెలిసిన మాట ఒకటుంది: సర్వర్ బిజీ. అడంగల్ రాదు, వన్‌బీ రాదు, పంట బీమా జాబితాలో పేరుందో లేదో తేలదు. "ఏమప్పా, ఇంకా సర్వరేనా?" అని తాత అడుగుతాడు. "సర్వరే తాతా, ఏం చేద్దాం" అని కుర్రాడు చేతులెత్తేస్తాడు. సర్వర్ నిజంగా మొరాయించే రోజులు లేకపోలేదు. కానీ ఆ మాట అంటున్న సమయంలోనే బల్ల కింద సీపీయూ డబ్బాలో ఫ్యాను గుయ్యిమంటుంటే అనుమానించాల్సిందే. ఎక్కడో ఉన్న సర్వర్ జవాబు కోసం ఎదురుచూస్తున్న కంప్యూటర్‌కు చేసే పనేమీ ఉండదు. ఊరికే కూర్చున్న యంత్రం అంతగా వేడెక్కదు. వేడెక్కిందంటే లోపల ఎవరో మనం చెప్పని పని చేస్తున్నారు.

ఆ ఎవరో ఎవరన్నది కనిపెట్టడం ఒక విద్య. మనవాళ్లు దాన్ని 'ఫార్మాట్ కొట్టించడం'తో సరిపెట్టేశారు గానీ, దానికి పెద్ద పరంపరే ఉంది. యంత్రం మీద ఎంత పని వరుసలో నిలబడిందో సగటు అంకెల్లో చూపే పద్ధతి 1973 నాటికే టెనెక్స్ అనే పాత వ్యవస్థలో ఉంది. ఏ ప్రోగ్రామ్ ఎక్కువ తింటోందో దాన్ని పైన నిలబెట్టి చూపే 'టాప్' అనే పనిముట్టును 1984లో విలియం లెఫెవర్ యూనిక్స్ కోసం రాశాడు. మనకు తెలిసిన టాస్క్ మేనేజర్‌ను డేవ్ ప్లమర్ అనే మైక్రోసాఫ్ట్ ఉద్యోగి సొంత ఉత్సాహంతో ఇంట్లో రాసుకుంటే, అది 1996లో విండోస్ ఎన్‌టీ 4తో జనానికి చేరింది. అదే ఏడాది మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ కలిసి సిస్‌ఇంటర్నల్స్ మొదలుపెట్టారు. వాళ్ల ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఇప్పటికీ ఉచితమే. వీళ్లందరూ చేసింది ముందుగా చూసే పనిముట్లు. ఆపే బటన్ ఆ తర్వాతి సంగతి. మన దగ్గర ఆ బటన్ ఒక్కటే ప్రసిద్ధికెక్కడం ఈ విద్యకు జరిగిన అన్యాయం.

చూడటంలో మొదటిది అంకెలు చదవడం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. 'డీటెయిల్స్'లోకి వెళ్లగానే 'సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్' 95 శాతం దగ్గర కనబడుతుంది, కొత్తవాళ్ల గుండె ఝల్లుమంటుంది. అది ఖాళీ సమయం లెక్క. ఎంత ఎక్కువుంటే అంత మంచిది. దాన్ని ఆపబోయి, ఆగడం లేదని వైరస్ అని తేల్చేసినవాళ్లు కూడా ఉన్నారు.

అంకెలో అంతకంటే ముఖ్యమైన సూచన మరొకటుంది. నాలుగు కోర్ల ప్రాసెసర్ మీద ఒక ప్రోగ్రామ్ అటూ ఇటూ కదలకుండా 25 శాతం దగ్గరే నిలబడిందనుకోండి, అది నిజమైన పని కాకపోవచ్చు. ఒక్క త్రెడ్ ఒక కోర్‌ను పూర్తిగా పట్టుకుని గుండ్రంగా తిరుగుతోందని అనుమానించాలి. విండోస్ ఎనిమిది ప్రాసెసర్లుగా లెక్కపెట్టే యంత్రంలో ఇదే జబ్బు 12, 13 శాతంగా కనబడుతుంది. లినక్స్‌లో టాప్ ఒక కోర్‌నే వంద శాతంగా లెక్కేస్తుంది కాబట్టి అక్కడ అదే జబ్బు 100 అవుతుంది. నిజమైన పని చేసే ప్రోగ్రామ్ అంకె పైకీ కిందకీ ఊగుతూ ఉంటుంది, డిస్క్ దగ్గరో నెట్ దగ్గరో ఆగి ఊపిరి పీల్చుకుంటుంది. అందుకే అనుభవం ఉన్నవాడు అంకె ఎంత అనేదానికన్నా ఎలా కదులుతోంది అనేదాన్ని చూస్తాడు. రెండు నిమిషాలు చేయి మౌస్ మీద నుంచి తీసి చూడటం, ఈ విద్యలో అందరికీ కష్టమైన భాగం ఇదే.

రాయదుర్గం వైపు ఒక కేంద్రంలో అచ్చం ఇదే చూశాను. ఫారం ఒక్కో గడి నిండటానికి ఒక్కో యుగం. రోజుకు నాలుగుసార్లు రీస్టార్ట్ కొడుతున్నారు, ఫలితం లేదు. జాబితాలో పైన 'స్పూల్‌ఎస్‌వీ', కదలని 25. అది ప్రింటర్ వరుసను నడిపే సర్వీస్. ఎప్పుడో తీసేసిన పాత ప్రింటర్ పేరున ఒక పత్రం వరుసలో మిగిలిపోయింది. ప్రింట్‌కు పంపిన పత్రాలను స్పూలర్ డిస్క్ మీద దాచుకుంటుంది, కాబట్టి రీస్టార్ట్ కొట్టినా అవి పోవు. యంత్రం లేవగానే పాత పని మళ్లీ గుర్తుచేసుకుని మొదలెడుతుంది. చేయాల్సింది చిన్న పని. సర్వీసుల జాబితాలో ప్రింట్ స్పూలర్‌ను ఆపాలి. సి డ్రైవ్‌లో విండోస్, దానిలో సిస్టమ్32, దానిలో స్పూల్, దానిలో ప్రింటర్స్ ఫోల్డర్ తెరవాలి. అక్కడ ఎస్‌పీఎల్, ఎస్‌హెచ్‌డీ అనే తోకలతో ఉన్న జంట ఫైళ్లను తీసేయాలి. సర్వీస్‌ను మళ్లీ నడిపించాలి. ఫ్యాను చప్పుడు తగ్గేసరికి, వరుసలో నిలబడ్డ ఒకాయన "కరెంటు పోయినాదా?" అని అడిగాడు.

అన్ని కేసులూ ఇంత సులువుగా తేలవు. విండోస్‌లో తరచూ పైకి వచ్చే 'ఎస్‌విసిహోస్ట్' ఉంది. దాని పేరు చూసి ఏమీ తెలియదు, ఎందుకంటే అది తన పని తాను చేసుకునే ప్రోగ్రామ్ కాదు. విండోస్ సర్వీసులను మోసే డబ్బా మాత్రమే. చేలో ఎండకు తవ్వుతున్న కూలీ కనిపిస్తాడు గానీ, తవ్వమన్న మేస్త్రీ గట్టు మీద చెట్టు కింద ఉంటాడు. అప్‌డేట్ తెచ్చే సర్వీసా, నెట్‌వర్క్ చూసే సర్వీసా అన్నది లోపలికి వెళ్లి అడగాలి. కమాండ్ తెరలో టాస్క్‌లిస్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, ఏటవాలు గీత పెట్టి ఎస్‌విసి అంటే ఏ డబ్బాలో ఏ సర్వీసుందో చెబుతుంది. 2017లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి, 3.5 జీబీకి మించి ర్యామ్ ఉన్న యంత్రాల్లో సర్వీసులను చాలావరకు విడివిడి డబ్బాల్లో పెడుతున్నారు, వెతుకులాట తేలికైంది. పాత యంత్రాలున్న చోట మాత్రం ఒకే డబ్బాలో పదిమంది. దాన్ని 'ఎండ్ టాస్క్' అన్నామో, ఒకడి తప్పుకు మిగతా తొమ్మిదిమందీ పోతారు. ఒక్కోసారి నెట్ కూడా పోతుంది. అప్పుడు సర్వర్ బిజీ అన్న మాట నిజమైపోతుంది.

వేలిముద్రల పరికరం వెనక నడిచే ఆర్‌డీ సర్వీసు వంటివి కూడా తెలిసి ఉండాలి. ఆధార్ ధ్రువీకరణకు 11100 నుంచి 11120 దాకా ఉన్న పోర్టుల్లో ఒకదాని దగ్గర అది చెవి ఒగ్గి కూర్చుంటుంది. అలా వినడానికి ప్రాసెసర్ ఖర్చు దాదాపు సున్నా. ఇలాంటి ఏ సర్వీసైనా అదుపు తప్పి తింటోందంటే, కేబుల్ ఊడిన పరికరాన్ని క్షణం ఆగకుండా మళ్లీమళ్లీ పిలుస్తోందేమో ముందు చూడాలి. ప్రోగ్రామ్ రాసినవాడు రెండు పిలుపుల మధ్య కాస్త నిద్రపొమ్మని చెప్పకపోవడం చాలా పాత తప్పు. 'సిస్టమ్ ఇంటరప్ట్స్' పైకి వచ్చిందంటే మాత్రం ప్రోగ్రాములను వదిలేసి డ్రైవర్లనూ, యూఎస్‌బీకి తగిలించినవాటినీ ఒక్కొక్కటే తీసి చూడాలి.

ఇక ఈ నేలకే ప్రత్యేకమైన బాధ. అనంతపురం ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. హగరి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు గాలి వీస్తే ఇసుకే ఇసుక. ఆ దుమ్ము హీట్‌సింక్ రేకుల మధ్య చేరి దూదిపొరలా అంటుకుంటుంది. ఇంటెల్ చిప్పుల్లో చాలావాటికి హద్దు 100 డిగ్రీలు. దాన్ని చేరుతున్న కొద్దీ చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. టాస్క్ మేనేజర్ 'పెర్ఫార్మెన్స్' పుటలో 'స్పీడ్' అని ఉంటుంది, పక్కనే 'బేస్ స్పీడ్'. అసలు వేగం 2.4 గిగాహెర్ట్జ్ అయి ఉండి, ఇంత పని మీద ఉన్నప్పుడు కూడా ఒకటి లోపే కొట్టుకుంటుంటే, ప్రోగ్రాముల్లో వెతికి లాభం లేదు. ఐదు నిమిషాల్లో అవ్వాల్సిన, వెనక నడిచే పని పావుగంటైనా ముగియదు, మనకది అదుపు తప్పినట్టు కనిపిస్తుంది. దానికి మందు బ్లోయర్, బ్రష్, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చడం. పనిలో పనిగా డబ్బాను గోడవార నుంచి జరపాలి.

దుమ్ము, ఎండ, డ్రైవర్ ఏదీ కాకుండా అసలు దొంగ దొరికే సందర్భాలూ ఉన్నాయి. 2018 సెప్టెంబరులో ముగ్గురు భద్రతా పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ పురపాలక పరిపాలన సంచాలకుల వెబ్‌సైట్, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం వెబ్‌సైట్లలో కాయిన్‌హైవ్ కోడ్‌ను కనిపెట్టారు. ఎవరో ఆ పేజీల్లోకి జొప్పించిన జావాస్క్రిప్ట్ అది. పన్ను కట్టడానికో జనన ధ్రువపత్రానికో పేజీ తెరిచిన ప్రతి పౌరుడి ప్రాసెసర్‌తోనూ మోనెరో అనే గూఢనాణెం తవ్వించుకునేది. ప్రాసెసర్‌తోనే తవ్వడానికి వీలైన నాణెం కాబట్టి దాన్నే ఎంచుకున్నారు. ఇందులో ఫైలు పోదు, డబ్బు పోదు, తెర మీద బెదిరింపు ఉండదు. పోయేది కరెంటు, చిప్ ఆయుష్షు, వరుసలో నిలబడ్డవాళ్ల సమయం. 2017 సెప్టెంబరులో మొదలైన కాయిన్‌హైవ్ 2019 మార్చిలో మూతపడింది గానీ, ఆ వృత్తి మూతపడలేదు.

ఇక్కడ పనికొచ్చే కిటుకు: క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఏ ట్యాబ్ తింటోందో అది పేరుపేరునా చెబుతుంది. ట్యాబ్ మూయగానే అంకె పడిపోతే నేరం పేజీది, యంత్రానిది కాదు. కొన్ని తవ్వకం పేజీలు మూసినట్టే మూసుకుని చిన్న కిటికీగా గడియారం వెనక దాక్కున్న సంగతీ 2017లోనే బయటపడింది. యంత్రంలోనే తిష్ఠ వేసే రకం ఇంకా గడుసుది. టాస్క్ మేనేజర్ తెరవగానే పని ఆపేస్తుంది, మూయగానే మొదలెడుతుంది. జాబితా తెరిస్తే ఫ్యాను నెమ్మదించి, మూస్తే అరుస్తోందంటే అది కాకతాళీయం అనుకోకూడదు. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఫైలుకు వేరే పేరు పెట్టి నడిపితే చాలాసార్లు దొరికిపోతుంది. సంతకం లేని ప్రోగ్రామ్, తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్‌లోంచి నడుస్తున్న ఎస్‌విసిహోస్ట్ కనబడితే చాలు. అసలుది మామూలుగా సిస్టమ్32లోంచే నడుస్తుంది.

పెద్ద సర్వర్ల దగ్గర ఈ విద్య చాలా దూరం పోయింది. 2011లో బ్రెండన్ గ్రెగ్ ఒక డేటాబేస్ ప్రాసెసర్‌ను ఎందుకు తింటోందో తేల్చడానికి 'ఫ్లేమ్ గ్రాఫ్' గీశాడు. ప్రోగ్రామ్‌లో ఏ పని ఏ పనిని పిలిచి ఎంత సమయం కాల్చిందో మంటల బొమ్మలా ఒక్క చూపులో తెలుస్తుంది. అనంతపురం జేఎన్‌టీయూలో చదివి బెంగళూరు చేరిన పిల్లలకు అది రోజువారీ పనిముట్టు కావచ్చు. ఊళ్లో కేంద్రానికి అంత అక్కర్లేదు.

ఊళ్లో కేంద్రానికి అక్కరకొచ్చేది మాత్రం ఎవరూ పట్టించుకోని ఒక గడియారం. విండోస్ తన ఇంటిపనులన్నీ, అంటే వైరస్ స్కాన్, అప్‌డేట్, డిస్క్ సర్దుబాటు వంటివి, రాత్రి రెండింటికి చేసుకోవాలని ముందే రాసిపెట్టి ఉంటుంది. మనవాళ్లు సాయంత్రం తాళం వేసేటప్పుడు మెయిన్ కట్టేసి పోతారు, అది తప్పేమీ కాదు. రాత్రి రెండు ఆ యంత్రానికి ఎప్పటికీ రాదు. మిగిలిపోయిన పనులు మర్నాడు యంత్రానికి కాస్త తీరిక దొరకగానే, జనం నిండిన వేళకు లేచి కూర్చుంటాయి. మధ్యలో కరెంటు పోయి వస్తే మళ్లీ మొదటికి. కంట్రోల్ ప్యానెల్‌లో 'ఆటోమేటిక్ మెయింటెనెన్స్' అని ఉంది. అందులో ఆ రాత్రి రెండును మధ్యాహ్నం రెండుకు మార్చి, భోజనానికి వెళ్లేటప్పుడు యంత్రాన్ని ఆపకుండా వదిలేస్తే సరిపోతుంది. విండోస్ సొంత వైరస్ కాపలాదారు డిఫెండర్ చేసే నిర్ణీత స్కాన్ సగటున ప్రాసెసర్‌లో సగానికి మించకూడదన్న హద్దు మామూలుగా ఉండేదే, కావాలంటే దాన్ని ఇంకా తగ్గించుకోవచ్చు. మధ్యాహ్నం కూడా కేంద్రం నడిచే ఊళ్లలో రెండుకు బదులు పొద్దున్నే ఎనిమిది పెట్టుకుని, తాళం తీయగానే యంత్రం వేసి, వరుస మొదలయ్యేదాకా దాన్ని ముట్టుకోకుండా ఉంటే మేలు.