రంగు దక్కని శక్తిమాన్

సైన్యములో మెకానిక్కుగా చిరకాలము పనిచేసి పదవీవిరమణ చేసిన నా మిత్రుడొకరు, మిలిటరీ మాధవరము వారు, ఎన్నడో వేలములో అమ్ముడుపోయి, ఒక కలప అడితిలో దుంగలు మోసి మోసి, కడకు చక్రములు నేలలో దిగబడి పడియున్న శక్తిమాన్ ట్రక్కు నొకదానిని కొని, విజయవాడ ఆటోనగరునకు చేర్పించి, దానిని పూర్వస్థితికి తెత్తమని నన్ను తోడు పిలిచినప్పుడు, ఇనుమును గూర్చి నాకు తెలిసినదెల్ల పద్యములలోని ఉపమానము వరకే యైనను, స్నేహమును కాదనలేక సమ్మతించితిని.

శక్తిమాన్ అనగా దూరదర్శన్‌లో గిరగిర తిరిగిన వీరుడే యని నేటి వారు తలంతురు. ఈ శక్తిమాన్ అంతకంటె పెద్దది. పశ్చిమ జర్మనీలోని మాన్ కంపెనీ వారి అనుమతితో, జబల్పూరులోని గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో 1959లో దీని నిర్మాణ మారంభమైనది. 1969లో ఆ నగరమందే వెలసిన వెహికిల్ ఫ్యాక్టరీ పిమ్మట ఆ భారమును వహించినది. 1990లలో అశోక్ లేలాండ్ వారి స్టాలియన్ వచ్చి దీని స్థానము నాక్రమించువరకు, 1965, 1971 యుద్ధకాలములతో సహా, మన జవానులకు ఇది నిత్యపరిచితమైన వాహనము.

మేము చూచునప్పటికి ఇంజను బిగిసిపోయి యుండెను. మరియొక లారీకి కట్టి, గేరులో వేసి లాగినచో కదలునని చుట్టుప్రక్కల షెడ్లవారెల్లరు సలహా చెప్పిరి. నా మిత్రుడు మాత్రము ససేమిరా అన్నారు. "అది చావలేదు మాస్టారూ, అలిగింది. లాగితే రింగులు విరుగుతాయి, లైనరు గీసుకుపోద్ది. నానబెడితే అదే దిగొస్తుంది" అని, నోజిళ్లు విప్పించి, ఆ రంధ్రముల గుండ డీజిలును కిరోసినును కలిపి సిలిండర్లలో పోసి విడిచిపెట్టిరి. ప్రతి ఉదయమును ఫ్లైవీలు పళ్లలో గడ్డపలుగు మొన యానించి, బలమంతయు వినియోగింపక, అది సమ్మతించునా లేదా యని యడుగునంత మాత్రముగా నొత్తి చూచి, కదలనిచో మరల నూనె పోసి వచ్చెడివారు. ఈ ఓరిమి ఏ పుస్తకము చదివినను అబ్బునది కాదని నాకు తోచినది. ఒకనాడు పలుగు క్రింద ఫ్లైవీలు వెంట్రుకవాసి జరిగెను. ఆయన నన్ను చూచి నవ్విరే గాని, ఆనాటికి అంతకుమించి త్రిప్పలేదు.

పంపు, నోజిళ్లు, సెల్ఫు పనులు తెలిసిన చేతులలో తెలిసినట్లే ముగిసినవి. వానిని గూర్చి చెప్పవలసిన దంతగా లేదు. బుష్షుల సంగతి వేరు. దొరకని బుష్షును లేతు మీద తీయించుటకు కొలత కావలెను. కొలతకు అరిగిన బుష్షు తప్ప మరొకటి లేదు. అరిగిన వస్తువు అబద్ధపు కొలత చెప్పును. నా మిత్రుడు దానిని వెలుగునకు ఎత్తి, ఇరుసు తాకని అంచు నొకదానిని వెదకి, అచ్చట మాత్రమే కాలిపర్ పెట్టి, అదియే అసలు కొలత యనిరి. ప్రాచీనప్రతుల పరిష్కర్తలు శుద్ధపాఠమును వెదకు తీరు వేరొకటి కాదు. కమాను కట్టలు విప్పించి, చదునైన పట్టీలకు కొలిమిలో మరల వంపు తెప్పించితిమి. అడితివారు డీజిలు కలిసివచ్చునని కాబోలు, ముందుచక్రములను త్రిప్పు ప్రొపెల్లర్ షాఫ్టును తీసివేసి యుండిరి. అది లేకున్నను బండి నడచును. కాని నాలుగు చక్రములును లాగని శక్తిమాన్ శక్తిమాన్ కాదని నా మిత్రుని సిద్ధాంతము. నాదియు నిప్పుడదే.

ఇక రంగు. అడితివారి ఎరుపును పసుపును గీకగా, దాని క్రింద సైన్యపు ఆలివ్ ఆకుపచ్చ బయటపడినది. ముందు బంపరుపై సైనికవాహనముల నంబరుకు మొదటనుండు ఊర్ధ్వముఖబాణము, దాని ప్రక్కన సంవత్సరమును దెలుపు 68 అను అంకెలు మసకగా కనబడినవి. ఆ రంగే మరల వేయింతమని నేను ఉత్సాహపడితిని. కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 121వది రక్షణశాఖ వాహనములకు దక్క మరి దేనికిని ఆ రంగు వేయరాదని శాసించుచున్నది. భద్రతను బట్టి చూచిన అది న్యాయమే. నా మిత్రుడు సైనికుడు గనుక మారుమాట లేక బూడిదరంగు వేయించిరి.

నాకు మనస్సు సమాధానపడనిది మరియొక విషయమున. ఏబదియేండ్లు దాటిన వాహనములకు వింటేజి హోదా నొసగుచు 2021లో వెలువడిన నిబంధనలు మోటారు సైకిళ్లకు, కార్లకు మాత్రమే వర్తించును. ట్రక్కునకు అందు చోటు లేదు. చౌమహల్లా ప్యాలెసులో నిజాం ప్రభువు 1912 నాటి రోల్స్ రాయిసును చూచి మురియుట తప్పని నేననను. జవానును మోసిన బండి చట్టము దృష్టిలో నేటికిని తుక్కే యగుట మాత్రము తప్పు. రవాణాశాఖ వారు ఆ నిర్వచనములో లారీలను ట్రక్కులను చేర్పవలెను. ఎవరి పెరటిలోనైన నిట్టి బండి తుప్పుపట్టుచున్నచో, అందాక దానిని కోసి అమ్మకుందురు గాక.