పల్నాటి వీరగాథ - కారంపూడి ఆరాధనాక్రమము

పల్నాటి వీరచరిత్రమును గూర్చిన విమర్శ ప్రధానముగా ముద్రిత గ్రంథము నాశ్రయించి సాగినది. 12వ శతాబ్దినాటి యుద్ధమును 15వ శతాబ్దివాడైన శ్రీనాథుడు ద్విపదగా రచించెనని ప్రసిద్ధి. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని ప్రకటించి మహోపకారము చేసిరి. అందలి బాలచంద్రయుద్ధమునకు వన్నె తెచ్చినది మాంచాల భర్తను రణమునకు సాగనంపు ఘట్టము. అట్లు సాగనంపబడినవాడు మరల నిల్లు చేరుటెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము గ్రంథమునకంటె నాగులేటి యొడ్డున స్పష్టముగా లభించును.

కారంపూడిలో ఏటేట కార్తికామావాస్య మొదలు ఐదు దినములు వీరారాధనము జరుగును. వీరుల ఆయుధములను కొణతములందురు. వారి వంశముల వారమనువారు వానిని తమ తమ గ్రామములనుండి రణభూమికి కొనివచ్చి, ఉత్సవానంతరము మరల గొనిపోవుదురు. వీరవిద్యావంతులు గాథను గానము చేయుదురు. ఇచట ఆయుధమే వీరుని దేహమునకు ప్రతినిధి.

ఆ ఐదు దినములు వరుసగా రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఈ వరుసను మన విమర్శకులు తగినంతగా పరిశీలింపలేదు. కథలో కోడిపోరు ముందు; దాని ఫలముగ వనవాసము; పిదప అలరాజు రాయబారము; యుద్ధమునకు ముందు సర్వకులములవారి సహపంక్తి భోజనము. ఉత్సవమున కోడిపోరు వీరులు నేలకొరగు కల్లిపాడునకు ముందుదినమున నిలిచినది. సంధియత్నమును, సహభోజనమును చూచిన కన్నులకే పందెమును, వెనువెంటనే మరణమును చూపుట యిందలి విశేషము. ఈ వరుస నిర్వహణ సౌలభ్యమువలన నేర్పడినదని కొందరనవచ్చును. అట్లయినను ప్రేక్షకుడు గ్రహించు అర్థము మారదు: ఇంత చిన్న కారణమునకా ఇందరు పోయిరి! కనుక దీనిని కేవల యుద్ధప్రశస్తిగా నెంచుట అసమగ్రము.

నేటి సైనికమర్యాదతో పోల్చిన ఈ భావము మరింత తేటపడును. 2021 జూలైలో జమ్మూకాశ్మీరమున సుందర్‌బనీ యొద్ద అసువులు బాసిన బాపట్ల ప్రాంతపు యువసైనికుని భౌతికకాయము సైనికలాంఛనములతో స్వగ్రామము చేరినది. అచట దేహము రణభూమినుండి ఊరికి వచ్చును. కారంపూడిలో ఊరే ఆయుధమును మోసికొని రణభూమికి పోవును. మొదటి యాత్ర ఒకనాటితో ముగియును. రెండవది ఏటేట సాగును. గౌరవముతోపాటు, ఈ మరణమేలయను ప్రశ్నను గూడ అది సజీవముగ నిలుపుచున్నది.

పరిశోధక విద్యార్థులు గాథాపాఠములను సేకరించునపుడు, ఏ భాగము ఏ దినమున పాడబడినదో తప్పక గుర్తింపవలయును. ఆ వరుస తొలగిన పాఠమున యుద్ధము మిగులును గాని శోకము మిగులదు.