జానెడు లోతు బల్ల

మగ్గం ఉన్న ఇంట్లో టీవీకి చోటు చూపడం నేతకారుల ఊరు కోడుమూరులో వడ్రంగి పనితనానికి పరీక్షే. నేత ఇళ్లలో ముందుగది చాలావరకు మగ్గానికే పోతుంది. అందుకే మంచి వడ్రంగి మనుషులు నడిచే దారిని కొలిచాకే టీవీని కొలుస్తాడు. పాత డబ్బా టీవీకి మూరెడు లోతు బల్ల కావాల్సి వచ్చేది. ఇప్పటి పలక టీవీకి జానెడు చాలు. 32 అంగుళాల టీవీ అంటే ఆ లెక్క మూల నుంచి ఎదురు మూలకు కొలత, అడ్డం సుమారు 28 అంగుళాలే. అయినా వడ్రంగి బల్ల పొడవు మాత్రం తగ్గించడు, చాలా టీవీలకు కాళ్లు రెండు చివర్లా ఉంటాయి మరి. వైర్లకు వెనక కంత, కింద చీపురు దూరేంత ఎత్తు, పిల్లలు లాగినా ఒరగకుండా గోడకు స్క్రూలు. షోరూం సామానులో ఇంత శ్రద్ధ నాకెక్కడా కనిపించలేదు. నేత పోగు తగులుకోకూడదని అంచులన్నీ గరుకు కాగితంతో రుద్ది, అరచేత్తో తడిమి చూస్తాడు.