పడిపోయిన సర్వర్‌కు పక్క సర్వరే దిక్కు

మెయిన్‌ఫ్రేమ్ మీద నడిచే లినక్స్ సర్వర్ రాత్రి అప్‌డేట్ తర్వాత లేవలేదనుకోండి. మామూలు కంప్యూటరైతే పెన్‌డ్రైవ్ గుచ్చి రెస్క్యూ మోడ్‌లో లేపుతాం. ఇక్కడ గుచ్చడానికి ఎదురుగా డబ్బాయే ఉండదు. ఒకే మెయిన్‌ఫ్రేమ్‌ను ఎన్నో వర్చువల్ యంత్రాలుగా (గెస్టులుగా) పంచే ఐబీఎం జెడ్‌వీఎం కింద నడిచే గెస్టుల్లో అది ఒకటి.

ఇలా యంత్రాన్ని పంచే విద్య మూలాలు 1960లలోనే ఉన్నాయి. అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఐబీఎం కేంద్రం సీపీ-40, సీపీ-67లతో ఒకే యంత్రాన్ని ఎవరికి వారికి సొంత యంత్రంలా పంచింది. 1972లో అదే వీఎం/370గా బయటికొచ్చింది, నేటి జెడ్‌వీఎం దాని కొనసాగింపే. 1999 చివర్లో లినక్స్ కూడా ఈ యంత్రాల మీదికి చేరింది. మన హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద మెయిన్‌ఫ్రేమ్ అంటే కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2. వీఎం పేరు వాటి మీద అరుదు.

ముందు కన్సోల్ చూడాలి. 3270 తెరలో కనిపించే గెస్టు కన్సోల్ మామూలుగా వరసకు వరస నడుస్తుంది, అందులో వీఐ ఎడిటర్ పనిచేయదు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఒక అక్షరం తప్పి సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగితే, సెడ్ కమాండ్‌తో ఆ ఒక్క వరస మార్చేస్తే చాలు. సెడ్‌ను చిన్నచూపు చూసే కుర్రాళ్లకు దాని విలువ తెలిసేది ఇక్కడే.

కెర్నలే లోడవకపోతే వేరే దారి. ఈ యంత్రాల్లో జెడ్‌ఐపీఎల్ అనే పనిముట్టు కెర్నల్ డిస్కులో ఏ బ్లాకుల్లో ఉందో బూట్ రికార్డులో రాసిపెడుతుంది. కెర్నల్ మార్చి జెడ్‌ఐపీఎల్ నడపడం మరిచిపోతే, బూట్ రికార్డు పాత చిరునామాకే పోతుంది. అప్పుడు పడిపోయిన గెస్టును లాగాఫ్ చేసి, 150 చిరునామాలో ఉన్న దాని డిస్కును బాగున్న గెస్టులోంచి 1150గా లింక్ చేసుకోవాలి. ఆన్‌లైన్‌లోకి తెచ్చి, మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్‌లను కలిపి, సీహెచ్‌రూట్‌తో లోపలికెళ్లి ఇనిట్‌ఆర్‌డీని మళ్లీ కట్టి, జెడ్‌ఐపీఎల్ నడపాలి. ఇక్కడో మెలిక ఉంది. కొత్త ఇనిట్‌ఆర్‌డీ 1150నే తన సొంత చిరునామా అనుకునే ప్రమాదం ఉంది. సొంతింటికి వెళ్లాక ఆ డిస్కు మళ్లీ 150 కదా! కాన్ఫిగ్ చూసుకోకుండా బయటికి రావద్దు. వచ్చేటప్పుడు అన్‌మౌంట్, ఆఫ్‌లైన్, డిటాచ్, ఈ వరస తప్పొద్దు.

లింక్ చేసే మోడ్ దగ్గర చేయి జారితే మొత్తం పోతుంది. ఎంఆర్ మోడ్ అడిగితే, ఇంకొకరు ఆ డిస్కులో రాస్తున్నప్పుడు మనకు చదివే హక్కే దక్కుతుంది. ఎండబ్ల్యూ ఆ అడ్డు పెట్టదు. ఇద్దరూ ఒకేసారి రాస్తే ఫైల్ సిస్టమ్ చెడిపోతుంది. క్లోన్ చేసిన సర్వర్లైతే ఎల్‌వీఎం గ్రూపు పేర్లు కూడా ఢీకొంటాయి.

లింక్ చేసుకునే పక్క గెస్టు లేనప్పుడు వర్చువల్ కార్డ్ రీడర్ ఆదుకుంటుంది. ఒకప్పటి 80 గళ్ల పంచ్ కార్డుల్లాగే కెర్నల్‌ను, పారామీటర్ ఫైల్‌ను, ఇనిట్‌ఆర్‌డీని 80 బైట్ల రికార్డులుగా రీడర్‌లోకి పంపి, రీడర్ చిరునామా అయిన 00సీ నుంచి బూట్ చేస్తారు. రీడర్ ఫైళ్లకు కీప్ గుర్తు పెట్టకపోతే చదివిన ఫైళ్లు మాయమవుతాయి, మళ్లీ మొదటికే.

పాడైతే పారేసి కొత్తది కట్టడం నేటి క్లౌడ్ పద్ధతి. డేటా మోసే సర్వర్‌కు అది అన్నివేళలా కుదరదు. నిజానికి క్లౌడ్‌లోనూ వాల్యూమ్ విప్పి పక్క మెషిన్‌కు తగిలించి బాగుచేసేవాళ్లున్నారు. పద్ధతి ఇదే.

జెడ్‌వీఎం చూసుకునేవాళ్లకు ఒక మాట: లింక్ అనుమతులున్న చిన్న రెస్క్యూ గెస్టును ఇప్పుడే సిద్ధం చేసిపెట్టుకోండి. ప్రొడక్షన్ పడిపోయాక అనుమతి కోసం సెక్యూరిటీ టికెట్ వెంట పరిగెత్తే గతి పట్టనివ్వకండి.