కర్బనం లేని గట్టితనం

ఉక్కు గట్టితనానికి మూలం కర్బనం. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినప్పుడు, ఇనుప స్ఫటికాల్లో కరిగి ఉన్న కర్బనం బయటపడే వ్యవధి లేక లోపలే ఇరుక్కుపోతుంది. స్ఫటికం సాగి, బిగుసుకుని మార్టెన్‌సైట్‌గా మారుతుంది. అది గట్టిదే, కానీ పెళుసు. కొడవలికి ఆ పద్ధతి చాలు. మీటర్ల వెడల్పున్న రాకెట్ తొడుగును అలా ముంచితే వంకర్లు పోవచ్చు, పగుళ్లూ రావచ్చు.

1960 ప్రాంతంలో అమెరికాలో ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీ పరిశోధకులు అభివృద్ధి చేసిన మారేజింగ్ ఉక్కు ఈ చిక్కును మొదట్లోనే తప్పిస్తుంది. దానిలో కర్బనం నూటికి 0.03 పాళ్లు మించకూడదు. బాగా వాడుకలో ఉన్న 250 రకంలో నికెల్ 18 శాతం, కోబాల్ట్ దాదాపు 8, మాలిబ్డినం దాదాపు 5, టైటానియం 0.4 శాతం ఉంటాయి. అల్యూమినియం లేశమాత్రం. మిగిలిందంతా ఇనుమే.

ఈ ఉక్కును సుమారు 820 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే మూలకాలన్నీ ఆస్టెనైట్ అనే స్ఫటిక రూపంలో కరిగిపోతాయి. తర్వాత గాలిలో చల్లారనిస్తే చాలు, నీళ్లూ నూనే అక్కర్లేదు. నికెల్ ఇంత ఉన్నందువల్ల చల్లారడం నిదానమైనా ఫెర్రైట్ అనే మెత్తటి రూపం ఏర్పడదు. దాదాపు 200 డిగ్రీలకు, ఆ దిగువకు వచ్చాక ముక్క మందంతో పని లేకుండా అంతా మార్టెన్‌సైట్ అవుతుంది. అయితే బిగించే కర్బనం లేదు కాబట్టి ఈ మార్టెన్‌సైట్ మెత్తన. రాక్‌వెల్ సి కొలతలో దాని గట్టితనం 30 దగ్గర ఉంటుంది. కోత, తురుము, వంపు, వెల్డింగ్ అన్నీ ఈ దశలోనే ముగించుకోవచ్చు. గట్టిపరచడాన్ని పనులన్నీ అయ్యేదాకా వాయిదా వేయడం, నా దృష్టిలో, ఈ ఉక్కులోని అసలు తెలివి.

ఆ తర్వాత ఏజింగ్: 480 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు. ఆ వేడికి మాలిబ్డినం, టైటానియం పరమాణువులు మెల్లగా కదిలి నికెల్‌తో జతకడతాయి. కొన్ని నానోమీటర్ల పరిమాణంలో లెక్కలేనన్ని రేణువులు పుడతాయి. లోహం వంగడమంటే, పరిచిన చాపలో ముడత జరిగినట్టు, స్ఫటికంలో డిస్‌లొకేషన్ అనే లోపరేఖ జరగడం. మార్టెన్‌సైట్‌లో ఆ రేఖలు కిక్కిరిసి ఉంటాయి. రేణువులు వాటి మీదే పుట్టి, వాటినే కదలనివ్వకుండా పట్టేస్తాయి.

కోబాల్ట్ పాత్ర మరీ ముచ్చటైనది. గట్టిపరిచే రేణువుల్లో దానికి పెద్దగా చోటు లేదు. కానీ అది ఉంటే మాలిబ్డినం ఇనుములో అంతగా ఇమడలేదు, అందువల్ల రేణువులుగా ఎక్కువ బయటపడుతుంది. ఇతర మూలకాలు మార్టెన్‌సైట్ మొదలయ్యే ఉష్ణోగ్రతను కిందికి లాగితే, కోబాల్ట్ దాన్ని పైకి ఎత్తుతుంది. అందుకే ఇన్ని మూలకాలు కలిపినా గది వేడికి వచ్చేసరికి మార్పు పూర్తవుతుంది.

ఏజింగ్ ముగిసేసరికి గట్టితనం 50 చేరుతుంది. శాశ్వతంగా సాగకుండా మోయగలిగే బరువు రెట్టింపుకు మించి, చదరపు మిల్లీమీటరుకు 170 కిలోల దాకా పెరుగుతుంది. వేడి గానీ సమయం గానీ మితిమీరితే రేణువులు ముదిరి పెద్దవవుతాయి, కొంత మార్టెన్‌సైట్ తిరిగి ఆస్టెనైట్ అయి బలం జారిపోతుంది. కొలిమిలో ప్రతి మూలా ఒకే వేడి నిలపడం అందుకే నిజమైన పనితనం.

శుభ్రత కూడా అంతే ముఖ్యం. మిగిలిపోయిన కర్బనాన్నీ నత్రజనినీ టైటానియం పట్టుకుని గట్టి మలిన కణాలు చేస్తుంది. పగులు అక్కడ మొదలవుతుంది. కాబట్టి శూన్యంలో కరిగించి, శూన్యంలోనే మళ్లీ విద్యుత్ ఆర్క్‌తో కరిగిస్తారు. మన దేశంలో ఇలాంటి ఉక్కును తయారుచేసే సంస్థల్లో హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని ముఖ్యమైనది. పీఎస్ఎల్‌వీ రాకెట్ మొదటి దశలో 2.8 మీటర్ల వ్యాసమున్న తొడుగు, ఎల్‌వీఎం3కి ఇరువైపులా ఉండే ఎస్200 బూస్టర్ల 3.2 మీటర్ల తొడుగు ఈ 250 రకం ఉక్కుతోనే చేస్తారు. ఏజింగ్‌లో కొలతలు మారడం అత్యల్పం. ఎంత కుదించుకుంటుందో ముందే తెలుసు కనుక, అంత కలుపుకునే తొడుగును మెత్తగా ఉండగా తురుముతారు.