అవ్వ అమ్మమ్మ ఎట్లయింది?

నాలుగేళ్ల కింద ఒక పత్రికలో నా కథ వచ్చింది. మా అమ్మ గురించి రాసుకున్న కథ. మా కరీంనగర్ వైపు ఊళ్లలో అమ్మను అవ్వ అంటారు. కథంతా ఆ మాటే వాడాను. తీరా పత్రిక చేతికొచ్చాక చూస్తే కథలో అవ్వ ఎక్కడా లేదు. ఆమె జాగాలో ఒక అమ్మమ్మ కూచుని ఉంది. దిద్దినవాళ్ల వైపు అవ్వంటే అమ్మమ్మే కాబోలు. "ఇగ నాతోని కాదు బిడ్డా" అన్న మాట కూడా "ఇక నా వల్ల కాదు నాయనా" అయిపోయింది. వాక్యాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. అచ్చుతప్పు ఒక్కటి లేదు.

అమ్మకు చదువు రాదు. మా అక్క ఆ కథను చదివి వినిపించింది. అంతా విని అమ్మ, "ఇండ్ల నేనేడున్న?" అని అడిగింది.

కొత్తగా రాస్తున్న మిత్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్నలు మూడు రకాలు. ఇది తప్పా, ఒప్పా? నా కథ ఎవరైనా ఎత్తుకుపోతే ఏం చెయ్యాలి? పుస్తకం ఎట్లా వెయ్యాలి? వ్యాకరణం, కాపీరైట్, ప్రచురణ. పైకి మూడూ వేర్వేరు సంగతులే. నాకు మాత్రం ఆ రోజు నుంచీ మూడింటి వెనకా ఒకటే ప్రశ్న వినిపిస్తోంది: నా వాక్యం మీద చెయ్యి వేసే హక్కు ఎవరికుంది, ఎంతవరకుంది?

ముందు వ్యాకరణం. తప్పులు తప్పులే. 'బాధ'ను 'భాద' అని రాస్తే దిద్దాల్సిందే. 'అర్థం' అంటే భావం, 'అర్ధం' అంటే సగం. ఈ రెండూ కలగాపులగమైన పుస్తకాలు నా అరలోనే బోలెడున్నాయి. 'మేము' అనాల్సిన చోట 'మనం' అని పడితే, ఎదుటి మనిషిని కూడా కలుపుకున్నట్టవుతుంది. సన్నివేశమే మారిపోతుంది. 'ఇంటి కి', 'అందం గా' అని ముక్కలు చేసి రాయడం ఇప్పుడు బాగా పెరిగింది. పాత డీటీపీ ఫాంట్లలోంచి యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోవడం ఇంకో తంటా. ఇవన్నీ చూసీ చూడనట్టు వదిలేసే సంపాదకుడు రచయితకు మేలేమీ చెయ్యడం లేదు.

కానీ 'చెప్పాడు, చెప్పేడు, చెప్పిండు' - ఈ మూడింట్లో తప్పేది? 'ఒక' అని రాసేవాళ్లున్నారు, 'వొక' అని రాసేవాళ్లున్నారు. ఇవి ఎంపికలు. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణం కావ్యభాషకు కొలబద్ద. దానితో మాట్లాడే భాషను కొలవొద్దని గిడుగు రామమూర్తి ఏళ్ల తరబడి కొట్లాడాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29న భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. అయితే ఆ పోరాటంలో గెలిచిన వాడుకభాష, పత్రికల్లోకి వచ్చేసరికి చాలావరకు కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ల భాషగా స్థిరపడింది. కొలబద్ద మారింది గానీ కొలవడం ఆగలేదు. నా కథను దిద్దినవాళ్ల చేతిలో ఉన్నది ఆ రెండో కొలబద్దే.

అట్లాగని అచ్చైన వాక్యాన్ని ముట్టుకోవడమే నేరం అనను. గురజాడ కన్యాశుల్కం 1897లో వచ్చింది. 1909 నాటి రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. మనం చదివేదీ, చర్చించేదీ ఆ రెండోదాన్నే. పన్నెండేళ్లలో అంత మార్పు జరిగితే ఎవరూ అన్యాయం అనలేదు. ఎందుకంటే మార్చిన చెయ్యి గురజాడదే.

ఇక కాపీరైట్. కొత్తవాళ్లకు ఉండే మొదటి భయం, "నా ఐడియా కొట్టేస్తారేమో" అని. ఆలోచనకు కాపీరైట్ లేదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. ముసలితనంలో ఒంటరైన తల్లి గురించి ఎవరైనా రాయొచ్చు. చట్టం కాపాడేది దాన్ని నువ్వు చెప్పిన తీరును. అంటే నీ మాటల్ని, నీ వాక్యాల్ని. 1957 నాటి చట్టం ప్రకారం, ఆ హక్కు రాసినప్పటి నుంచే నీది. రిజిస్ట్రేషన్ చేయించుకుంటే సాక్ష్యంగా పనికొస్తుంది గానీ తప్పనిసరి కాదు. రచయిత బతికున్నంత కాలం, పోయాక మరో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు 2022 నుంచి అందరివీ అయ్యాయి. 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరిదాకా గడువుంది.

ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది 57వ సెక్షన్. డబ్బు తీసుకుని హక్కులన్నీ రాసిచ్చేసినా రెండు మాత్రం రచయిత దగ్గరే ఉండిపోతాయి. ఇది నా రచన అని చెప్పుకునే హక్కు ఒకటి. తన పేరుకు, గౌరవానికి భంగం కలిగేట్టు రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు రెండోది. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన నవలను సినిమాకు ఇచ్చారు. తీసినవాళ్లు దాన్ని మార్చేశారని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. హక్కులు బదిలీ చేసినా ఈ రెండో హక్కు ఆమెను వదిలిపోదని 1986లో ఆ కోర్టు చెప్పింది.

'అవ్వ'ను 'అమ్మమ్మ' చెయ్యడం ఆ సెక్షన్ కిందికి వస్తుందా? బహుశా రాదు. దిద్దిన ప్రతి అక్షరమూ పరువునష్టం కాదు. నేను కోర్టుకు పోయేవాణ్నీ కాదు. కానీ చట్టం ఒప్పుకున్న ఒక విలువను మన సాహిత్యలోకం ఎందుకు ఒప్పుకోదన్నదే నా ఫిర్యాదు. మరుసటేడు అదే కథ ఒక సంకలనంలో కనిపించింది. అడగలేదు, చెప్పలేదు. పత్రికలో వచ్చిన అమ్మమ్మే మళ్లీ అచ్చయింది. ఫోన్ చేస్తే అవతలి పెద్దాయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "మంచి కథని వేసుకున్నాం. సంతోషించాల్సింది పోయి హక్కులంటావేంటయ్యా?" అన్నారు. ఆయన మంచివారే. నలభై ఏళ్లుగా సొంత డబ్బు పెట్టి సాహిత్యసేవ చేస్తున్నారు. చిక్కంతా ఆ 'సేవ' అన్న మాటలోనే ఉంది. సేవ చేసేవాళ్లను అనుమతి అడిగారా అని అడగడం మనకు మర్యాద కాదు.

చట్టం ఇక్కడ మొహమాటపడదు. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ కాగితం మీదే జరగాలి. ఏ రచన, ఏ హక్కు, ఎంతకాలం, ఎక్కడ, ఎంత ప్రతిఫలం అన్నది రాసుండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. నేను ఉద్యోగిని కాని పత్రికకు, ఏ కాగితమూ లేకుండా కథ పంపానంటే, ఆ సంచికలో వేసుకొమ్మని ఇచ్చినట్టే. సంకలనానికి మళ్లీ అడగాలి. ఒక ఫోన్ మెసేజ్ పెట్టినా సరిపోయేది. అడిగి ఉంటే, "వెయ్యండి సార్, కాకపోతే నా అసలు ప్రతి పంపిస్తాను, అది వెయ్యండి" అనేవాణ్ని. అమ్మ పుస్తకంలోకి వచ్చేది.

ప్రచురణ దగ్గరికొస్తే కథ ఇంకో రకం. మన దగ్గర మొదటి పుస్తకం ఖర్చు చాలావరకు రచయితదే. ముఖచిత్రానికి డబ్బులుంటాయి, ఆవిష్కరణ సభకు ఉంటాయి, శాలువాలకు ఉంటాయి. ప్రూఫులు దిద్దే మనిషికి మాత్రం "నువ్వే ఓసారి చూసెయ్" అంటారు. ఐఎస్‌బీఎన్ తెప్పించామని గొప్పగా చెబుతారు. మన దేశంలో ఆ నంబరును రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. అది పుస్తకానికి గుర్తింపు సంఖ్య, అంతే. దానికీ కాపీరైట్‌కీ ఏ సంబంధమూ లేదు. డబ్బు పెట్టి, ప్రూఫులు చూసుకుని, ప్రతులు కూడా మోసుకున్న రచయిత చేతిలో చివరికి ఒక్క పేజీ ఒప్పందం ఉండదు. ఈ-బుక్ హక్కు ఎవరిది, ఆడియో ఎవరిది, మిగిలిన ప్రతులు ఎవరివి అన్న ప్రశ్నలు పుస్తకం బాగా పోయినప్పుడే బయటికొస్తాయి. అప్పటికి స్నేహాలు చెడిపోతాయి.

ఇదంతా బాధితుడిగా చెప్పి ముగిస్తే అబద్ధం ఆడినట్టే. పోయినేడు మిత్రులతో కలిసి ఒక కథల పుస్తకానికి సంపాదకత్వం చేశాను. శ్రీకాకుళం నుంచి ఒక అమ్మాయి కథ పంపింది. కథ నిండా 'వచ్చేడు, చెప్పేడు, వెళ్లిపోనాడు'. మిగతా కథలతో కలవడం లేదనిపించింది. ప్రెస్‌కు పంపే తొందరొకటి. ఒక రాత్రి కూచుని అన్నీ 'వచ్చాడు, చెప్పాడు' చేసేశాను. 'వెళ్లిపోనాడు' నిజంగా అచ్చుతప్పే అనుకున్నాను. పుస్తకం వచ్చాక ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది: "అన్నా, మా నాన్న ఇలా మాట్లాడ్డు."

మా అమ్మ అడిగిందీ అదే కదా. ఈసారి అడిగించుకున్నది నేను. నాకు అన్యాయం చేసినాయన మీద కోపం ఆ రాత్రితో కొంత తగ్గింది. ఆయన దగ్గర లేనిదీ, నా దగ్గర లేనిదీ ఒకటే. దిద్దే ముందు అడగాలన్న అలవాటు. తొందర, ప్రేమ, భాష మీద పట్టుందన్న నమ్మకం, ఈ మూడూ కలిస్తే ఎవరి చెయ్యైనా ఆగదు.

ఆ పుస్తకం ఈ-బుక్‌గా వచ్చినప్పుడు ఆ అమ్మాయి వాక్యాలు ఆమెకు తిరిగిచ్చాం. అచ్చైన ప్రతులను ఏం చెయ్యలేకపోయాం. ఇప్పుడు నా దగ్గరికి ఎవరి కథ వచ్చినా రెండు రంగులు వాడతాను. ఒత్తు తప్పితే, అక్షరం తప్పితే ఎర్రరంగుతో దిద్దేస్తాను. నాకు కొత్తగా ఉన్న ప్రతి మాట పక్కన నీలిరంగులో ప్రశ్నార్థకం పెట్టి తిప్పి పంపుతాను. దానికి ఇంకో వారం పడుతుంది. పట్టనీ.

నా కథ ఈ ఏడు నా సొంత పుస్తకంలో వస్తోంది. ప్రూఫులు చూసిన కుర్రాడిది అనంతపురం. మొదటి పేజీలోనే మార్జిన్‌లో పెన్సిల్‌తో ఇట్లా రాసి పంపాడు: "అవ్వ అంటే ఇక్కడ ఎవరన్నా?"

అమ్మ అని జవాబు రాశాను.